కృష్ణాతీరమున క్రైస్తవ ప్రార్థన

ప్రార్థన యను మాటకు మన తెనుగున చుట్టములు పెక్కు గలవు. వేడికోలు, విన్నపము, మొక్కు, మొఱ - ఇవి యన్నియు మానవుడు తన కందని శక్తితో పలుకుటకై చేసికొన్న మాటలే. అయినను వీనిలో వీనికి భేదము కలదు. మొక్కులో ఒక ఒడంబడిక యున్నది: బిడ్డకు జ్వరము తగ్గినచో కోడిని కోయుదుమని, పంట చేతికి వచ్చినచో పొంగలి పెట్టుదుమని. విన్నపములో కచ్చేరి గుమ్మము ముందు చేతులు కట్టుకొని నిలిచిన రైతు గొంతు వినబడును. మొఱకు ఒడంబడిక లేదు, మర్యాదయు తెలియదు. అది కడుపులోని బాధనుండి తానై పుట్టును. తెలుగు బైబిలును అనువదించినవారు దేవుని పిలుచుటకు ఈ 'మొఱ్ఱపెట్టు' అను మాటను పలుమారు వాడిరి. వారు తెలిసి వాడినను, తెలియక వాడినను, ఆ యెన్నిక తగినదే యని మాకు తోచుచున్నది. కృష్ణా డెల్టాలో క్రైస్తవ ప్రార్థన వేరూనిన విధమును పరిశీలింపగా, దాని మూలమున ఒక మొఱయే కనబడుచున్నది.

మతముల తారతమ్యమును విచారించుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము కాదు. మన నడుమ నివసించు లక్షలాది జనులు ఉదయ సాయంకాలములయందు చేయు ఒక సాధన మన నేలమీద ఎట్లు పుట్టినదో, ఎట్టి పరీక్షలకు నిలిచినదో తెలిసికొనుటయే మా ఉద్దేశము.

తెలుగు మాటలలో క్రైస్తవ ప్రార్థన అచ్చుకెక్కిన చరిత్ర మన దేశమున గాక సుదూరమైన జర్మనీలో మొదలైనది. పదునెనిమిదవ శతాబ్దమున మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మిషనరీ తెలుగు నేర్చి, స్వదేశమునకు మరలిన పిదప 1746లో హాలే నగరమున చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును తెలుగున అచ్చువేయించెను. తెలుగున అచ్చయిన తొలి పుస్తకములలో అది చేరినది. తరువాత 1818లో శ్రీరామపురమున క్రొత్త నిబంధన తెలుగున వెలువడెను. అయినను పుస్తకములోని ప్రార్థన వేరు, పెదవి మీది ప్రార్థన వేరు. మొదటిదానినుండి రెండవదానికి వచ్చుటకు చాలకాలము పట్టినది.

ఇంగ్లండులోని చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్టు నోబిలు, హెన్రీ ఫాక్సు అను ఇరువురు 1841లో మచిలీపట్టణమున దిగిరి. ఫాక్సు ఊరూర తిరిగి బోధించు పని చేపట్టెను. ఆరోగ్యము చెడి 1848లో స్వదేశమునకు పోయి ఆ యేటనే మరణించెను. నోబిలు 1843లో ఒక పాఠశాలను స్థాపించెను. అదియే తరువాత నోబిలు కళాశాలగా పెంపొంది, కృష్ణా మండలమున ఎందరనో విద్యావంతులను జేసినది. అగ్రవర్ణముల బాలురకు విద్య గఱపినచో వారి ద్వారమున తన మతము తక్కినవారికి దిగివచ్చునని నోబిలు తలంపు. అందుచే అంటరానివారని యెంచబడిన కులముల పిల్లలకు ఆ బడిలో చోటులేకపోయెను. 1852లో మంచాల రత్నము, ఐనాల భూషణము అను ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. ఊరెల్ల అల్లకల్లోలమయ్యెను, బడి దాదాపు ఖాళీ అయ్యెను. కొంతకాలమునకు బాలురు తిరిగివచ్చిరి. కాని నోబిలు తలచిన ధార మాత్రము పైనుండి క్రిందికి దిగలేదు. అది మఱియొక చోట, ఎవరును ఎదురుచూడని చోట, నేలనుండి ఊటయై పుట్టినది.

ఆ ఊట కథ చెప్పుటకు ముందు నాటి బెజవాడను ఒక్కమాఱు తలచుకొందము. 1832-33 సంవత్సరముల నందన కరవు గుంటూరు, కృష్ణా సీమలను పీల్చి పిప్పిచేసినది. నది ప్రక్కనే పారుచున్నను పొలమునకు నీరు లేదు. సర్ ఆర్థరు కాటను పట్టుదలవలన, కెప్టెను చార్లెసు ఆర్ ఆధ్వర్యవమున, 1852లో మొదలిడి 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. కాలువలు తెగినవి, డెల్టా పచ్చబడినది. కాని కాలువ నీరు పొలమునకు వచ్చినంత సులభముగా ఊరి వెలుపలి వాడకు గౌరవము రాలేదు. నాట్లు వేసినది, కోతలు కోసినది, కుప్పలు నూర్చినది ఆ వాడలవారే. గుడి గడప మాత్రము వారికి దూరము.

అట్టి వాడలలో నొకదానివాడు పగోలు వెంకయ్య. కృష్ణా మండలములోని రాఘవాపురము ఆయన ఊరు. మాల కులమున పుట్టెను. తనవారిలో మాట చెల్లిన మనిషి. 1849 ప్రాంతమున ఒక పరిచితుడు ఆయనతో, ఈ బొమ్మలలో దేవుడు లేడు, దేవుడొక్కడే కలడు, ఆయన గొప్పవాడు అని యేదో చెప్పెను. అంతకుమించి ఆ చెప్పినవానికిని తెలియదు, వినినవానికిని తెలియదు. గ్రంథము లేదు, గురువు లేడు, సంఘము లేదు. అయినను ఆ మాట వెంకయ్య మనసున నాటుకొనెను. అంతకుముందు చేయుచుండిన పూజలను విడిచిపెట్టి, ఆయన ప్రతిదినము ఆ గొప్ప దేవుని పిలువసాగెను. నీవెవరవు, ఎక్కడ నున్నావు, నాకు నిన్ను చూపించుకొనుము అని యర్థమిచ్చు రెండు మూడు మాటలే ఆ ప్రార్థన. ఇంచుమించు పదియేండ్లు ఆయన దానినే పలికెను.

ఈ విషయమున మనము కొంచెము ఆగవలసియున్నది. ఆ పదియేండ్లలో ఆయనకు ప్రత్యుత్తరము లేదు. తాను పిలుచుచున్నవాని పేరు తెలియదు. కోడిని కోయుదునన్న మొక్కు లేదు. పంట నిమ్మను కోరిక లేదు. ఆయన అడిగినది వస్తువును గాదు, పరిచయమును. ప్రార్థన యనగా కోరికల జాబితా యనుకొనువారికి ఈ మనుష్యుడు ఒక సమాధానము.

1859 మార్చి నెలలో బెజవాడవద్ద కృష్ణ యొడ్డున ఉత్సవము జరిగెను. వేలాది జనులు నదీస్నానమునకు వచ్చిరి. వెంకయ్యయు తన వారితో వచ్చెను. ఒకే దేవుని గూర్చి చెప్పు దొర యొకడు ఆ ఊరిలోనే యున్నాడని అచట ఆయనకు తెలిసెను. ఆ దొర చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టామస్ యంగ్ డార్లింగు. డార్లింగు ఏండ్ల తరబడి ఆ ప్రాంతమున బోధించుచు, ఫలమన్నది కానరాక నిరుత్సాహమున నుండెను. వెంకయ్య ఆయన యెదుట కూర్చుండి వినెను. విన్నంతనే, తానిన్నాళ్ళు పిలుచుచున్నది ఈ దేవునినేయని ఆయనకు తోచెను. ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందెను. ఆయనతోపాటు ఆయన ఇంటివారు, వాడవారు వచ్చిరి. పిదప చుట్టుప్రక్కల పల్లెలకు ఆయనయే నడచిపోయి చెప్పెను. కృష్ణా మండలమున నేడు కనబడు పల్లె సంఘములలో అనేకములకు ఆ కదలికయే మొదలు.

ఈ సమావేశమును చరిత్రకారులు సామాన్యముగా మిషనరీ విజయముగా వ్రాసిరి. మాకు మాత్రము వేరుగా కనబడుచున్నది. డార్లింగు వెంకయ్యను వెదకలేదు. వెంకయ్యయే డార్లింగును వెదకెను. ప్రార్థన బోధకుని వెంట రాలేదు. బోధకునికంటె పదియేండ్లు ముందుగా వచ్చినది.

ఇట్టిదే మఱియొక కథ డెల్టాకు దక్షిణమున ఒంగోలులో జరిగినది. నెల్లూరి అమెరికను బాప్తిస్టు మిషను ఫలితము లేని క్షేత్రమని, దానిని మూసివేయుదమా యని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. మరుసటి యేడు, అనగా 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారుజామున లైమన్ జ్యూవెటు, ఆయన భార్య, మువ్వురు తెలుగు క్రైస్తవులు, వెరసి ఐదుగురు, ఒంగోలు ప్రక్కనున్న కొండ నెక్కి సూర్యోదయ వేళ ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండ యను పేరు నిలిచినది. పండ్రెండేండ్లకు, 1866లో, జాన్ క్లౌ అను మిషనరీ ఒంగోలులో కాపురముండుటకు వచ్చెను. 1876-78 కరవులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకమున కొంతభాగమును కంట్రాక్టు తీసికొని, వేలమంది కూలీలకు పని కల్పించెను. పనికిని అన్నమునకును ఆశపడి మతమున చేరుదురేమోయని, ఆ కరవు దినములలో బాప్తిస్మ మిచ్చుట నిలిపివేసెను. పని ముగిసిన తరువాత 1878 జులై 3వ తేదీన, ఒక్కనాడే 2,222 మంది గుండ్లకమ్మ యేటిలో బాప్తిస్మము పొందిరి.

అన్నముకొఱకే వచ్చిరని అనువారు నాడును గలరు, నేడును గలరు. ఆ ప్రశ్నను దాచవలసిన పనిలేదు. కరవులో ఆకలియు నిజమే, బడి మీది ఆశయు నిజమే, మనిషిగా చూడబడవలెనను కోరిక అంతకంటె నిజము. కాని ఆకలిగొన్నవాని ప్రార్థన అబద్ధమగునా? క్రీస్తు తన శిష్యులకు నేర్పినట్లు సువార్తలు చెప్పు చిన్న ప్రార్థనలోనే ఆనాటి తిండికై అడుగుట యున్నది. మూలమున 'రొట్టె' యని యర్థమిచ్చు మాట యుండగా తెలుగువారికి దానిని 'ఆహారము' అనిరి. రోజు కూలిగా గింజలు కొలిపించుకొని, ఆ గింజలనే దంచి ఆ రాత్రి వండుకొను ఇల్లాలికి ఆ మాట వ్యాఖ్యానము లేకయే అర్థమైనది. అదే ప్రార్థనలో మత్తయి సువార్త తెలుగుపాఠమున 'ఋణము' అను మాట కలదు. అప్పు తీరక ఏటేట పాలేరుతనము పొడిగించుకొను మనిషి, ఋణములు క్షమింపబడు లోకమొకటి కలదని ప్రతిసాయంకాలము నోరార పలుకుట చిన్న విషయము కాదు.

మఱి ప్రార్థించినవారికి ఆపద తప్పినదా? ఈ ప్రశ్నకు డెల్టా చరిత్ర కఠినమైన సమాధానము నిచ్చుచున్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము మచిలీపట్టణముపైకి వచ్చెను. ఇంచుమించు ముప్పదివేలమంది చనిపోయిరి. మిషను ఆవరణములును మునిగినవి. షార్కీ దంపతుల బాలికా పాఠశాలలో నిత్యము ప్రార్థన చేయుచుండిన బాలికలు అనేకులు ఆ నీటిలో పోయిరి. ఇరువదినాలుగేండ్లలో ఒక్కమాఱైనను స్వదేశమునకు పోని నోబిలు మరుసటి యేడు, 1865లో, ఆ పట్టణముననే కన్నుమూసెను. సముద్రమునకు భక్తుడు, అభక్తుడు అను భేదము లేకపోయెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ ఆ పాఠమునే మఱియొకమాఱు వినవలసివచ్చెను.

అయినను తుపాను తరువాతి ఆదివారమున మిగిలినవారు కూడిరన్నచో, వారు ప్రార్థనను ఒడంబడికగా నెంచలేదనియే చెప్పవలెను. ఒడంబడిక యైనచో అది ఆ రాత్రియే చెల్లక పోయినది. మొక్కు తీరనప్పుడు మనిషి దేవతను మార్చును. మొఱకు అట్టి లెక్క లేదు. బిడ్డ చనిపోయినప్పుడు తల్లి ఎవరినో ఒకరిని పిలువకుండ నుండలేదు. వెంకయ్య పదియేండ్లు పలికినది ఈ లెక్కలేని ప్రార్థనయే. డెల్టా సంఘములకు ఆయన యిచ్చిన ఆస్తియు నదియే యని మా నమ్మకము.

ఇక ఈ ప్రార్థన పల్లెలో ఏ రూపము దాల్చినదో చూతము. పగలెల్ల పొలములో పని. కావున కూడికకు రాత్రియే వేళ. పగటివేళ పిల్లలకు బడియైన పాక, ప్రొద్దుగుంకిన పిదప గుడి యయ్యెను. పిల్లలకు ఓనమాలు చెప్పిన ఉపాధ్యాయుడే ఉపదేశి. చదువురాని వారు గనుక పరలోక ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను నోటి పాఠముగా నేర్చిరి. ఒకరు పలుకగా పదిమంది వెంట పలుకుట రీతి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో బిషప్పుగా అభిషేకింపబడి, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పైన వేదనాయకము శామ్యూలు అజరయ్య, తిరునెల్వేలి సీమ తమిళుడైనను తెలుగు నేర్చి, దోర్నకలు కేంద్రముగా పనిచేసెను. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును ఆయన పాలనలోనికి వచ్చినవి. పల్లెలో సాయంకాలపు ప్రార్థన ఆగినచో సంఘమే ఆగునని ఎంచి, ఆయన దానిని నిత్యకృత్యముగా నిలుపుటకు పాటుపడెను. కోతల కాలమున ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి అర్పించు పండుగను ప్రోత్సహించెను. అన్నము వండునప్పుడు ఎసటిలో పోయుటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచుట పెక్కు ఇండ్లలో ఆచారమైనది. గ్రంథము చదువలేని ఇల్లాలికి ఆ పిడికిలియే ప్రార్థన.

ఆ ప్రార్థనల భాషయు గమనింపదగినది. పగలు కామందు నెదుట 'అయ్యా, దొరా' యని తల వంచి నిలిచిన మనిషి, రాత్రి ఆ పాకలో కన్నులు మూసికొని సర్వేశ్వరుని 'తండ్రీ' యని పిలిచి, 'నీవు' అని సంబోధించెను. ఈ చనువు పరాయిది కాదు. అన్నమయ్య, రామదాసు మొదలగువారు తమ దైవమును నీవని పిలిచిరి, అలిగిరి, నిలదీసిరి. తెలుగు భక్తికి అది సహజమైన గొంతు. పురుషోత్తమ చౌదరి (1803-1890) ఈ గొంతునే క్రైస్తవ ప్రార్థనకు దెచ్చెను. పర్లాకిమిడి ప్రాంతమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిన ఆయన మన రాగతాళములలో కీర్తనలు రచించెను. అవి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున చేరి, మతశాఖల భేదము లేక ఊరూర పాడబడినవి. ఇంగ్లీషు రాగమునకు తెలుగు మాటలు తొడిగిన పాటలు పట్టణపు దేవాలయములలో నిలిచినవి. పల్లెలో మాత్రము కీర్తనయే ప్రార్థన.

విజయవాడ నగరమున రెండు కొండలు ప్రార్థనకు ప్రసిద్ధి. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ, నగరమునకు తూర్పు వైపున గుణదల కొండపై మరియమాత. 1924లో గుణదలలోని అనాథశరణాలయపు పెద్దయైన అర్లాటి అను ఇటలీ గురువు ఆ కొండపై మరియమాత స్వరూపమును నిలిపెను. ఫ్రాన్సు దేశమున లూర్దు గ్రామమందు 1858లో జరిగిన దర్శనమును తలచు పండుగ ఫిబ్రవరి 11వ తేదీన వచ్చును గనుక, 9, 10, 11 తేదీలలో అచట ఉత్సవము జరుగుచున్నది. 1937లో విజయవాడ కథోలిక మేత్రాసనము ఏర్పడినది. ఆ కొండ మెట్లమీద జపమాల త్రిప్పువారు, కొవ్వొత్తులు వెలిగించువారు, కొబ్బరికాయలు కొట్టువారు, తలనీలాలు సమర్పించువారు అందఱును కనబడుదురు. వారిలో క్రైస్తవులు కానివారును మెండు. మొక్కు, ప్రార్థన, మొఱ అచట ఒకే మెట్టుమీద కూర్చున్నవి. పండితుడు వానిని వేఱుచేయగలడు; ఎక్కువమంది భక్తులకు ఆ యవసరము తోచదు.

ఈ చరిత్రయందు అసంపూర్ణమైన అధ్యాయము నొకదానిని చెప్పకుండుట న్యాయము కాదు. 'మా తండ్రీ' యని బహువచనమున పిలిచినవారు ఒకే పంక్తిని కూర్చుండుటకు చాలకాలము పట్టినది. పల్లె పల్లెలో కులమునకొక కూడిక, కూడికకొక పాక వెలసినవి. ఒక వాడ వారి సంఘమున మఱియొక వాడ వారు చేరుటకు వెనుదీసిరి. వెంకయ్య మొఱ ఏ గోడను దాటి పోయెనో, ఆ గోడయే కొన్నిచోట్ల దేవాలయము లోపల తిరిగి లేచినది. ప్రార్థన మనిషిని దేవునితో కలుపుననుట నిజమైనచో, ప్రక్కవానితో కలుపని ప్రార్థనలో ఏదో కొఱత యున్నదనుటయు నిజమే. ఈ మాటను అజరయ్య వంటివారు తమ వారికే గట్టిగా చెప్పిరి.

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము మొదలైనది. అప్పటినుండి కనబడని గొంతును నమ్మి వినుట మన యిండ్లలో అలవాటైనది. మాటలాడువానికి వినువాడు కనబడడు. వినుచున్నాడను విశ్వాసముతోనే పలుకును. ఆ విశ్వాసము లేనిచో ఒంటరి గదిలో నోరు విప్పుట ఎంత కష్టమో, ఆ గదిలో కూర్చున్న మా వంటివారికి తెలియును. రాఘవాపురపు ఆ మనిషికి గదియు లేదు, యంత్రమును లేదు. వినువాని పేరైనను తెలియదు. అయినను పదియేండ్లు ఆయన పలుకుట మానలేదు.

నాటి ఆనకట్ట 1952 వరదలో దెబ్బతినగా, దానికి ఎగువను కట్టిన ప్రకాశము బ్యారేజి 1957లో ప్రారంభమైనది. బ్యారేజి మీదుగా నేడు సాయంకాలమున నడచువారికి ఒక దిక్కున దుర్గ గుడి దీపములు కనబడును. పల్లెల వైపునుండి కీర్తనయో, మసీదునుండి బాంగో వినబడును. 1859లో ఇదే యొడ్డున, ఉత్సవపు గుంపులో, ఒక మనిషి తన ప్రశ్నకు సమాధానమును వెదకుచు నడచెను. మనలో ప్రతివాడును ఏదో యొకనాడు ఆ యొడ్డునకు వచ్చును. ఆనాడు మన నోట మొక్కు వచ్చునో, విన్నపము వచ్చునో, మొఱయే వచ్చునో, ఎవరికి వారే తెలిసికొనవలెను.